సందేశం అందుకున్న బిడ్డ దోషి కాదు

పిల్లల ఫోనుకు ఒక అసభ్య సందేశం వచ్చిందని తెలిసినప్పుడు ఇంట్లో మొదట అడగవలసిన ప్రశ్న “ఎవరు పంపారు?” అన్నది. మన ఇళ్ళలో తరచుగా మొదట వినిపించే ప్రశ్న మాత్రం “నీకే ఎందుకు వచ్చింది?” అన్నది. మొదటి ప్రశ్న విన్న బిడ్డకు తల్లిదండ్రులు తన పక్షాన ఉన్నారని అర్థమవుతుంది. రెండవ ప్రశ్న విన్న బిడ్డ తానే నిందితురాలినని భావిస్తుంది. అలా భావించిన బిడ్డ మరోసారి ఎంత పెద్ద ఆపద వచ్చినా నోరు విప్పదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన విషయం ప్రధానంగా ఇదే. పిల్లలను కాపాడేది ఫోనుకు పెట్టిన తాళం కన్నా, “ఇంట్లో చెబితే నాకు మేలే జరుగుతుంది” అన్న వారి నమ్మకం.

ఫోను ఇంట్లోకి ఎలా వచ్చింది?

కరోనా కాలంలో బడులు మూతపడ్డాయి. 2020 సెప్టెంబరు 1 నుంచి మన తెలంగాణలో ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. హోంవర్కులు వాట్సాప్‌లో రాసాగాయి. ప్రైవేటు బడుల పిల్లలకైతే ఫోనే తరగతి గది అయింది. వరంగల్‌లోని మండిబజార్, చార్‌బౌలి వంటి వాడలలో రోజు కూలీతో, చిన్న వ్యాపారంతో బతికే కుటుంబాలు కూడా అప్పు చేసి ఫోన్లు కొన్నాయి. బడులు తిరిగి తెరుచుకున్నాయి గాని, ఫోన్లు తిరిగి పెద్దల చేతికి రాలేదు. అన్న ఫోను తమ్ముడికి, తండ్రి పాత ఫోను కూతురికి చేరాయి.

టీచరు ఏర్పరచిన తరగతి గ్రూపు పక్కనే పిల్లలు తమకు తాముగా మరో గ్రూపు ఏర్పరచుకుంటారు. అందులో టీచర్లు ఉండరు, తల్లిదండ్రులు ఉండరు. మొదట నోట్సులు, పుట్టినరోజు శుభాకాంక్షలు వస్తాయి. తరువాత ఎవరో ఒకరు ఒక బూతు జోకు పెడతారు. కొందరు నవ్వుతారు. నవ్వని వారిని వెక్కిరిస్తారు. ఆ పైన ఒక అశ్లీల వీడియో, ఒక సహాధ్యాయిని రూపురేఖలపై నీచమైన వ్యాఖ్య, ఒకరి ఫోటోను మార్చి చేసిన అసభ్య చిత్రం వస్తాయి. విడిగా వచ్చే సందేశాలు వేరు. “నీ ఫోటో పంపు”, “పంపకపోతే నీ గురించి అందరికీ చెబుతాను” అన్నవి ఆ కోవలోనివి. కృత్రిమ మేధతో ముఖం ఒకరిది, శరీరం మరొకరిది కలిపే సాధనాలు ఇప్పుడు పిల్లలకు కూడా అందుబాటులో ఉన్నాయి. కాబట్టి ఏ తప్పూ చేయని, ఏ ఫోటోనూ పంపని అమ్మాయి కూడా బాధితురాలు కావచ్చు.

అపరిచితుని నుంచి వచ్చిన సందేశం కన్నా తోటివారి సందేశం పిల్లలకు ఎక్కువ కష్టం కలిగిస్తుంది. అపరిచితుణ్ణి బ్లాకు చేస్తే సరిపోతుంది. సహాధ్యాయి మాత్రం మరునాడు ఉదయం అదే బెంచీ మీద కూర్చుంటాడు. అతని మీద ఫిర్యాదు చేస్తే “చాడీకోరు” అంటారు. గ్రూపు నుంచి బయటికి వస్తే ఒంటరినవుతానన్న భయం ఉంటుంది. ఈ భయాన్ని పెద్దలు “అదేం పెద్ద విషయం?” అని కొట్టిపారేయరాదు. పద్నాలుగేళ్ళ వయసులో స్నేహితుల మధ్య స్థానం కోల్పోవడం నిజంగానే పెద్ద విషయం.

పిల్లలు ఎందుకు చెప్పరు?

ఒక తండ్రి అస్ర్ నమాజు తరువాత మదర్సాకు వచ్చి, “మౌలానా, మా అమ్మాయిని బడి మాన్పించి మీ దగ్గర చేర్పిద్దామనుకుంటున్నాను” అన్నారు. ఆమె తొమ్మిదో తరగతి చదువుతోంది. చదువులో ముందుంటుంది. కారణం అడిగాను. అదే తరగతి బాలుడొకడు ఆమెకు అసభ్య సందేశాలు పంపుతున్నాడు. ఆమె జవాబు ఇవ్వలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. మూడు వారాల తరువాత తల్లి ఫోను చూసి కనుగొన్నది.

“ఇన్ని రోజులు ఎందుకు దాచావని బిడ్డను అడిగారా?” అన్నాను.

ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, “అడిగాను. చెబితే బడి మాన్పిస్తారని భయపడ్డానంది” అన్నారు.

బిడ్డ దేనికి భయపడి మౌనం వహించిందో, తండ్రి సరిగ్గా అదే చేయబోతున్నారు. “దీనీ విద్య కోసమైతే మీ అమ్మాయిని సంతోషంగా చేర్చుకుంటాం భాయీసాబ్. శిక్షగా అయితే మాత్రం చేర్చుకోలేం. మదర్సా శిక్ష అనుభవించే చోటు కాదు. తప్పు చేసిన అబ్బాయి రేపు యథావిధిగా బడికి వెళ్తాడు, తప్పు చేయని మీ కూతురు ఇంట్లో కూర్చుంటుంది. ఇందులో న్యాయం ఎక్కడుంది? పైగా మీ చిన్న కూతురు ఇదంతా చూస్తున్నది. రేపు ఆమెకు ఇలాంటిదే జరిగితే మీతో చెబుతుందా?” అని అడిగాను. ఆ తరువాత తల్లిదండ్రులిద్దరూ కలిసి వెళ్ళి ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడారు. అబ్బాయి తండ్రిని పిలిపించారు. సందేశాలు ఆగిపోయాయి. ఆ అమ్మాయి అదే బడిలో పదో తరగతి పరీక్షలు రాసింది.

పిల్లల మౌనానికి సాధారణంగా మూడు భయాలు కారణమవుతాయి. ఫోను లాక్కుంటారని ఒకటి. చదువు ఆగిపోతుందని రెండవది. ఇది ముఖ్యంగా ఆడపిల్లల భయం. “నువ్వే ఏదో చేసి ఉంటావు” అంటారని మూడవది. మగపిల్లలకు వీటితో పాటు ఎగతాళి భయం కూడా ఉంటుంది. “మగవాడివి, దీనికే బెదిరిపోయావా?” అన్న మాట పడటం కన్నా మౌనంగా ఉండటమే మేలని వారు అనుకుంటారు. ఈ భయాలన్నీ ఇంట్లోనే పుడతాయి. కాబట్టి వాటిని తొలగించగలిగేది కూడా ఇల్లే.

దైవప్రవక్త (స) చూపిన మార్గం

ఇమామ్ అహ్మద్ ‘ముస్నద్’లో హజ్రత్ అబూ ఉమామా (ర) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. ఒక యువకుడు దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వచ్చి, తనకు వ్యభిచారం చేసేందుకు అనుమతి ఇవ్వమని అడిగాడు. చుట్టూ ఉన్నవారు అతణ్ణి గద్దించారు. ప్రవక్త (స) మాత్రం అతణ్ణి దగ్గరికి రమ్మని పిలిచి కూర్చోబెట్టారు. ఆ పని నీ తల్లి విషయంలో ఎవరైనా చేస్తే నీకు సమ్మతమేనా అని అడిగారు. కాదన్నాడు. కూతురు, సోదరి, మేనత్త, పినతల్లి, ఇలా ఒక్కొక్కరి గురించి అడిగారు. ప్రతిసారీ అతడు కాదనే అన్నాడు. ఇతరులు కూడా తమ వారి విషయంలో ఇష్టపడరని ప్రవక్త (స) అతనికి బోధపరిచారు. చివరికి తమ చేతిని అతనిపై ఉంచి, అతని పాపం క్షమించమని, హృదయాన్ని పరిశుద్ధం చేయమని, శీలాన్ని కాపాడమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ తరువాత ఆ యువకుడు అటువైపు మొగ్గు చూపలేదని ఉల్లేఖనం చెబుతోంది.

ఈ సంఘటనలో తల్లిదండ్రులకు అవసరమైన పాఠాలు ఎన్నో ఉన్నాయి. సిగ్గుపడవలసిన విషయాన్ని యువకుడు బహిరంగంగా చెప్పినా ప్రవక్త (స) అతణ్ణి వెళ్ళగొట్టలేదు, దగ్గరికి తీసుకున్నారు. అలాగని విషయాన్ని తేలికగానూ తీసుకోలేదు. హరామ్ హరామ్‌గానే మిగిలింది. అతని చేతనే ఆలోచింపజేశారు. చివర దుఆ చేశారు. గద్దించినవారి ఉద్దేశం కూడా మంచిదే. కాని ఆ యువకుని మనసు మారింది గద్దింపుతో కాదు.

బుఖారీ, ముస్లిమ్ గ్రంథాలలో మరొక సంఘటన ఉంది. హజ్ యాత్రలో ప్రవక్త (స) వెనుక వాహనంపై కూర్చున్న యువకుడు ఫజ్ల్ బిన్ అబ్బాస్ (ర) ఒక స్త్రీ వైపు చూడసాగారు. ప్రవక్త (స) తమ చేతితో ఆయన ముఖాన్ని మరోవైపు తిప్పారు. నలుగురిలో పరువు తీయలేదు, చూసీ చూడనట్టు వదిలేయనూ లేదు. మన ఇళ్ళలో ఈ రెండు అతివాదాలు కనిపిస్తాయి. ఒక ఇంట్లో కొట్టడం, తిట్టడం. మరో ఇంట్లో “ఈ కాలం పిల్లలు అంతే” అని ఊరుకోవడం. రెండూ ప్రవక్త (స) సంప్రదాయానికి దూరమైనవే.

సిగ్గు గురించి కూడా ఒక మాట. లజ్జ, అంటే హయా, విశ్వాసంలో భాగమని మనం పిల్లలకు నేర్పుతాం. అది సత్యం. అయితే చెడు పని చేయడానికి అడ్డుపడేది హయా. ఆపదలో ఉన్నప్పుడు అమ్మకు చెప్పకుండా అడ్డుపడేది భయం. ఈ రెంటి మధ్య తేడాను పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. హజ్రత్ ఆయిషా (ర) అన్సారీ స్త్రీలను ప్రశంసిస్తూ, దీనీ విషయాలు తెలుసుకోవడానికి లజ్జ వారికి అడ్డు కాలేదని చెప్పారు. సందేహం అడగడం, ఆపద చెప్పుకోవడం లజ్జకు విరుద్ధం కావు.

ఫార్వర్డ్ చేసే వేలు

అన్‌నూర్ సూరాలో అల్లాహ్ హజ్రత్ ఆయిషా (ర)పై వేసిన అపనిందను ఖండించాడు. అబద్ధం కల్పించినవారిని మాత్రమే గాక, దానిని నోటి నుంచి నోటికి చేరవేసినవారిని కూడా 15వ ఆయతు మందలించింది. వారు దానిని చిన్న విషయమనుకున్నారు గాని, అల్లాహ్ దృష్టిలో అది చాలా పెద్దది. విన్న వెంటనే ‘ఇలాంటి మాట మనం పలకడం తగదు’ అనవలసిందని 16వ ఆయతు బోధిస్తుంది. విశ్వాసుల మధ్య అశ్లీలత వ్యాపించాలని కోరుకునేవారికి ఇహపరాలలో బాధాకరమైన శిక్ష ఉందని 19వ ఆయతు హెచ్చరిస్తుంది.

పద్నాలుగు శతాబ్దాల క్రితం నాలుక చేసిన పని నేడు వేలు చేస్తున్నది. “నేను తయారు చేయలేదు, వచ్చిందే పంపాను” అని పిల్లలు అంటారు. అపనిందను చేరవేసినవారు కూడా దానిని తయారు చేయలేదు. కాబట్టి “నా ఫోనుకు చేరిన చెడు నా ఫోనులోనే ఆగిపోవాలి” అన్నది పిల్లలు కంఠస్థం చేయవలసిన మొదటి నియమం.

ఆ నెల రోజుల కష్టంలో హజ్రత్ ఆయిషా (ర) చేసిన పని కూడా గమనించదగినది. నింద సంగతి తెలిశాక ఆమె ప్రవక్త (స) అనుమతితో తన పుట్టింటికి వెళ్ళారు. తల్లి ఉమ్మె రూమాన్ (ర) ఆమెను ఓదార్చారు. లోకం మాటలు మోస్తున్నప్పుడు ఆమె ఆశ్రయించినది తల్లిదండ్రుల ఇంటినే. మన బిడ్డలకు మన ఇల్లు అలాంటి ఆశ్రయంగా ఉన్నదా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

2020 మే నెలలో ఢిల్లీలో బయటపడిన ఒక ఉదంతం దేశమంతటా చర్చనీయమైంది. పేరున్న బడులలో చదివే బాలురు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక గ్రూపు ఏర్పరచుకుని, తమకు తెలిసిన అమ్మాయిల ఫోటోలను వారికి తెలియకుండా పెట్టి అసభ్యంగా మాట్లాడుకున్నారు. పోలీసులు కేసు నమోదు చేశారు. అదే సమయంలో అత్యాచారం గురించి మాట్లాడుకున్నట్టున్న మరో స్నాప్‌చాట్ సంభాషణ కూడా ఆ గ్రూపుదేనని ప్రచారమైంది. అది ఆ గ్రూపుది కాదని, ఒక అమ్మాయి అబ్బాయి పేరుతో నకిలీ ఖాతా తెరిచి జరిపిన సంభాషణ అని పోలీసులు తరువాత వెల్లడించారు.

ఈ ఉదంతం నుంచి రెండు విషయాలు నేర్చుకోవాలి. మంచి బడి, సంపన్న కుటుంబం ఉన్నంత మాత్రాన పిల్లలు సురక్షితులు కారు. స్క్రీన్ మీద కనిపించిన ప్రతిదీ, ఏ పేరుతో కనిపిస్తే ఆ పేరు వారిదే కాకపోవచ్చు. వార్త వచ్చినప్పుడు నిర్ధారించుకోండి, తెలియక ఒక వర్గానికి హాని చేసి పశ్చాత్తాపపడే స్థితి తెచ్చుకోకండి అన్న అల్‌హుజురాత్ సూరా 6వ ఆయతు ఆదేశం ఇక్కడ కూడా వర్తిస్తుంది. కోపంతో అవతలి ఇంటి మీదికి వెళ్ళేముందు ఆ నంబరు ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవాలి.

పిల్లలకు ముందుగా నేర్పవలసినవి

సందేశం వచ్చాక నేర్పడం కన్నా ముందే నేర్పడం మేలు. భోజనాల దగ్గరో, బజారుకు వెళ్ళే దారిలోనో మామూలుగా మాట్లాడుతున్నప్పుడే ఈ విషయం ఎత్తాలి. “బేటా, నీ ఫోనుకు ఎవరైనా చెడ్డ మాటలో, చెడ్డ బొమ్మో పంపితే నాకు చెప్పు. నిన్ను కోప్పడను. దానికోసం నీ చదువు ఆపను. ఇది నా మాట” అని తండ్రి స్వయంగా చెప్పాలి. మన ఇళ్ళలో చాలామంది పిల్లలు అమ్మీతో చెప్పగలరు గాని అబ్బాతో చెప్పలేరు. అందుకే ఈ మాట అబ్బా నోట రావడం ముఖ్యం. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం అంతకన్నా ముఖ్యం. తల్లిదండ్రులతో చెప్పలేని సందర్భంలో ఎవరితో చెప్పాలో కూడా ముందే నిర్ణయించాలి. పెద్దక్క, మామయ్య, ఖాలా, నమ్మకమైన టీచరు, ఎవరైనా ఒక పెద్ద మనిషి బిడ్డ మనసులో ఉండాలి.

సందేశం వచ్చినప్పుడు బిడ్డ ఏం చేయాలో క్రమంగా చెప్పాలి.

మొదటిది, జవాబు ఇవ్వకూడదు. తిట్టినా, బతిమాలినా, సరదాగా బొమ్మ పెట్టినా అవతలివారు దానిని సంభాషణగానే తీసుకుంటారు.

రెండవది, ఎవరికీ పంపకూడదు. “చూడు, వాడు ఏం పంపాడో” అని ప్రాణస్నేహితురాలికి పంపడం కూడా వ్యాప్తి చేయడమే.

మూడవది, వెంటనే తుడిచివేయకూడదు. బెదిరింపు మాటలైతే నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచాలి. వాట్సాప్‌లో 24 గంటలకో, 7 రోజులకో వాటంతట అవే మాయమయ్యే సందేశాలు కూడా ఉంటాయి. అయితే అది పిల్లల నగ్న చిత్రమో వీడియోనో అయితే దానికి నకలు తీయరాదు, బంధువులకు చూపడానికి పంపరాదు. ఫోనును అలాగే ఉంచి పోలీసులకు చూపాలి.

నాలుగవది, ఆ రోజే ఇంట్లో ఒక పెద్దవారికి చెప్పాలి.

ఐదవది, పెద్దలు చూసిన తరువాత పంపినవారిని ఆ యాప్‌లోనే రిపోర్టు చేసి, బ్లాకు చేయాలి.

బడిలో స్నేహితులతో ఏమనాలో కూడా పిల్లలకు తెలియాలి. లేకపోతే మన ఉపదేశాలన్నీ ఇంటి గుమ్మం వరకే పనిచేస్తాయి. “ఇలాంటివి నాకు పంపొద్దు, నాకు నచ్చదు” అన్న ఒక్క వాక్యం చాలు. దానికి వివరణ అక్కరలేదు. గ్రూపు నుంచి బయటికి రావడం కష్టమనుకునే బిడ్డకు “మా అబ్బా నా ఫోను చూస్తారు” అని చెప్పుకునే వెసులుబాటు ఇవ్వండి. నింద తండ్రి మీదికి పోతుంది, బిడ్డ స్నేహాలు మిగులుతాయి. తండ్రికి అది భారం కాదు.

బెదిరింపు వస్తే మాత్రం అసలు లొంగరాదని పిల్లలకు గట్టిగా చెప్పాలి. ఒక ఫోటో ఇస్తే ఆగిపోతాడనుకుంటారు, కాని ఆ ఫోటోనే తరువాతి బెదిరింపుకు ఆయుధమవుతుంది. ఒకవేళ బిడ్డ అప్పటికే పొరపాటున ఏదైనా పంపి ఉన్నా, ఆ క్షణంలో ఉపన్యాసం ఇవ్వకండి. మునిగిపోతున్నవాణ్ణి ముందు ఒడ్డుకు చేర్చాలి. తౌబా ద్వారం తెరిచే ఉందని బిడ్డకు చెప్పాలి. బిడ్డను కొన్నాళ్ళు ఒంటరిగా వదలకుండా, నిద్ర, ఆహారం, నడవడిక గమనిస్తూ ఉండాలి.

పంపినవాడు మన కుమారుడే అయితే?

ఇలాంటి వ్యాసాలు చదివేటప్పుడు మనమందరం మన బిడ్డను బాధితుని స్థానంలోనే ఊహించుకుంటాం. కాని పంపేవారికి కూడా తల్లిదండ్రులు ఉన్నారు. వారు మనమే కావచ్చు. చూపు దించుకోమన్న ఆదేశం అన్‌నూర్ సూరాలో 30వ ఆయతులో మొదట పురుషులకు వచ్చింది, 31వ ఆయతులో స్త్రీలకు వచ్చింది. మన ఇళ్ళలో మాత్రం కూతుళ్ళకు వంద జాగ్రత్తలు చెప్పి, కొడుకులకు ఒక్కటీ చెప్పకుండా ఊరుకుంటాం.

బడి నుంచో, మరో ఇంటి నుంచో ఫిర్యాదు వస్తే “మా వాడు అలాంటివాడు కాడు” అని వాదించకండి. “పిల్లచేష్టలు” అని నవ్వేయకండి. ప్రవక్త (స) ఆ యువకుణ్ణి అడిగినట్టే మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. నీ చెల్లెలికి ఎవరైనా ఇదే పంపితే నీకు ఎలా ఉంటుంది? అతడు ఎవరెవరికి ఏం పంపాడో తెలుసుకుని, గ్రూపులో పెట్టినదాన్ని తొలగింపజేయాలి. అవతలి కుటుంబానికి తండ్రి స్వయంగా వెళ్ళి క్షమాపణ చెప్పాలి. బాధితురాలిని మళ్ళీ సంప్రదించడానికి మాత్రం అబ్బాయికి అవకాశం ఇవ్వరాదు. అతడు ఎక్కడ నేర్చుకున్నాడో కూడా చూడాలి. కొన్నిసార్లు అది ఇంట్లోని పెద్దల ఫోనుల నుంచే వస్తుంది.

దాచవలసినదేమిటి, దాచకూడనిదేమిటి?

సాటి ముస్లిమ్ లోపాన్ని కప్పినవాని లోపాలను అల్లాహ్ కప్పుతాడని హదీసు చెబుతోంది. కొందరు దీనిని చూపి, “పరువు పోతుంది, పోలీసుల దాకా వద్దు” అంటారు. పశ్చాత్తాపపడినవాని తప్పును ఊరంతా చాటవద్దన్నది హదీసు భావం. ఇంకొకరికి అన్యాయం చేస్తున్నవాణ్ణి అడ్డుకోకుండా వదిలేయమన్నది కాదు. దౌర్జన్యపరుణ్ణి దౌర్జన్యం నుంచి ఆపడమే అతనికి చేసే సహాయమని కూడా ప్రవక్త (స) బోధించారు. కాబట్టి బిడ్డ పేరును దాచాలి, నేరాన్ని దాచకూడదు.

మన దేశ చట్టం కూడా ఇదే తీరులో ఉంది. 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్ళ లోపు బాలబాలికలందరికీ వర్తిస్తుంది. లైంగిక ఉద్దేశంతో పిల్లలకు అశ్లీల చిత్రాలు చూపడం, ఫోను ద్వారా పదేపదే వెంబడించడం, చిత్రాలతో బెదిరించడం ఈ చట్టం ప్రకారం లైంగిక వేధింపు. దీనికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష ఉంది. పిల్లల అశ్లీల చిత్రాలను ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచారం చేస్తే సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షను కింద మొదటి నేరానికే ఐదేళ్ళ వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అలాంటి చిత్రాలను తొలగించకుండా, ఫిర్యాదు చేయకుండా ఫోనులో భద్రపరచుకోవడం కూడా నేరం కాగలదని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన పెద్దలు పోలీసులకు తెలియజేయడం చట్టరీత్యా విధి.

తల్లిదండ్రులు భయపడే విషయాలకు చట్టంలోనే సమాధానం ఉంది. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి వద్ద గాని, బిడ్డ కోరుకున్న చోట గాని నమోదు చేయాలి. వీలైనంత వరకు మహిళా అధికారే దానిని తీసుకోవాలి. ఆ సమయంలో యూనిఫారం ధరించరాదు. తల్లిదండ్రులో, బిడ్డ నమ్మినవారో పక్కన ఉండవచ్చు. బిడ్డ గుర్తింపును పత్రికలు బయటపెట్టరాదు. పంపినవాడు కూడా 18 ఏళ్ళ లోపువాడైతే, అతని విషయం 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద బాలల న్యాయమండలి ముందుకు వెళ్తుంది. అతని పేరు కూడా గోప్యంగానే ఉంచుతారు. శిక్ష కన్నా సంస్కరణ ఆ చట్టం ఉద్దేశం.

అయితే ప్రతి చెడ్డ జోకుకూ పోలీసులు అవసరం లేదు. ఒకసారి వచ్చిన అసభ్యపు మాటకు బడి, రెండు కుటుంబాలు కలిసి పరిష్కారం చూడవచ్చు. బెదిరింపు, నగ్న చిత్రాలు, ఫోటోల మార్పిడి, డబ్బు అడగడం, వద్దన్నా ఆగకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకూడదు. పిల్లల సహాయానికి 1098, సైబరు నేరాలకు 1930, అత్యవసరానికి 112 నంబర్లు ఉన్నాయి. జాతీయ సైబరు నేరాల పోర్టల్‌లో పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు వెల్లడించకుండానే ఇవ్వవచ్చు. 2014 అక్టోబరు 24న హైదరాబాదులో మొదలైన షీ టీమ్స్ ఇప్పుడు వరంగల్ పోలీసు కమిషనరేట్‌లోనూ పనిచేస్తున్నాయి. బిడ్డ చిత్రం ఇంటర్నెట్‌లోకి పోతుందన్న భయం ఉంటే, అమెరికాలోని తప్పిపోయిన పిల్లల జాతీయ కేంద్రం నడిపే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. చిత్రం ఫోను దాటి బయటికి పోకుండానే, దాని డిజిటల్ ముద్రను మాత్రమే తీసుకుని, ఈ పథకంలో చేరిన సంస్థల వేదికలపై ఆ చిత్రాన్ని గుర్తించి తొలగించేందుకు అది తోడ్పడుతుంది.

ఇంటి నియమాలు

అన్‌నూర్ సూరా 58వ ఆయతు రోజులో మూడు వేళల్లో, అంటే ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత, పిల్లలు కూడా అనుమతి తీసుకుని గదిలోకి రావాలని నేర్పింది. ఏకాంతానికి హద్దులు, వేళలు ఉన్నాయన్నది అందులోని పాఠం. ఇషా తరువాత ఫోన్లన్నీ, పెద్దలవి కూడా, ముందుగదిలో ఒకచోట ఛార్జింగుకు పెట్టే ఆనవాయితీ ఈ పాఠానికి తగినది. పడకలోకి ఫోను వెళ్ళకపోతే సగం ఆపద తగ్గుతుంది.

వాట్సాప్ సెట్టింగులలో ప్రైవసీలోకి వెళ్ళి, మనకు తెలిసినవారు మాత్రమే గ్రూపులో చేర్చగలిగేలా మార్చవచ్చు. ఫోటోలు, వీడియోలు వాటంతట అవే డౌన్‌లోడ్ కాకుండా ఆపవచ్చు. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లకు వారి నిబంధనల ప్రకారమే కనీస వయసు 13 ఏళ్ళు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ళ లోపువారికి సామాజిక మాధ్యమ ఖాతాలను నిషేధించింది. వయసు రాకముందే ఖాతా తెరవడానికి మనమే తప్పుడు పుట్టినతేదీ రాసి ఇవ్వడం పిల్లలకు అబద్ధం నేర్పడమే.

ఫోను చూడటం విషయంలో కూడా న్యాయం ఉండాలి. గూఢచర్యం చేయవద్దని అల్‌హుజురాత్ సూరా 12వ ఆయతు ఆదేశం. పిల్లల బాధ్యత మనదే కనుక వారి ఫోనును చూసే హక్కు మనకు ఉంది. ఆ సంగతి ఫోను ఇచ్చిన రోజే వారికి చెప్పి, వారి పక్కన కూర్చుని చూడాలి. వారు నిద్రిస్తుండగా దొంగచాటుగా చూస్తే, పిల్లలు మరింత బాగా దాచడం నేర్చుకుంటారు.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలామ్) చిన్నతనంలో తనకు వచ్చిన కలను తండ్రికి చెప్పుకున్నారు. తండ్రి యాకూబ్ (అలైహిస్సలామ్) విన్నారు, ప్రేమగా సంబోధించారు, ఆపద ఎక్కడి నుంచి రావచ్చో చెప్పారు. ఆపద తరువాత వచ్చింది. తండ్రి దానిని ఆపలేకపోయారు. కాని అదే బిడ్డ యౌవనంలో, పరాయి దేశంలో, మూసిన తలుపుల వెనుక, ఎవరూ చూడని చోట చెడును తిరస్కరించి తలుపు వైపు పరుగెత్తాడు. మనం ప్రతి సందేశాన్నీ ఆపలేం. బిడ్డ చెప్పే మాటను వినగలం, ఆ తలుపు వైపు పరుగెత్తే శక్తిని ఇవ్వగలం.

ఈ నెల పత్రిక చదివిన రాత్రే మీ పిల్లలతో ఆ ఒక్క మాట చెప్పండి: “ఏం వచ్చినా నాకు చెప్పు, నేను నీ వెంటే ఉంటాను.” అల్లాహ్ మన సంతానాన్ని కనిపించే, కనిపించని అశ్లీలత నుంచి కాపాడుగాక. వారి మాట వినే సహనాన్ని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.